విన్‌ఎంటీఆర్, ట్రేసర్ట్ రివ్యూ: నెట్ యాడ ఆగుతాందో అనంతపురంలో ఇంట్లో కూర్చొనే కనుక్కున్నా

మాది అనంతపురం, సాయినగర్ సైడు. బెంగళూరు కంపెనీకి ఇంటికాడ నుంచే పని చేస్తా, రోజంతా ఆఫీసు సర్వర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ (ఆడుండే కంప్యూటర్‌ని ఈడ నుంచే నడపడం) పెట్టుకొని ఉండాల్సిందే. మొన్న ఎండాకాలం రెండు నెలలు నరకం చూసినా. పగలంతా బాగుంటుంది, రాత్రి ఏడు దాటిందంటే చాలు మౌస్ ఈడ కదిలిస్తే ఆడ మూడు సెకన్లకి కదులుతాది, కొట్టిన అక్షరాలు ఏమీ కనపడవు, కాసేపాగి అన్నీ ఒక్కసారే గుంపుగా వచ్చి పడతాయి, కాల్‌లో ఉంటే అవతలోళ్ళకి నా మాట ముక్కలు ముక్కలుగా పోతాది. స్పీడ్ టెస్ట్ పెడితే మాత్రం 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి 96 చూపిస్తాది. నెట్ ఆఫీసుకి ఫోన్ చేస్తే "స్పీడ్ ఫుల్ వస్తాంది కదన్నా, ఇంగేం ప్రాబ్లం" అంటారు, వాళ్ళ మాట కూడా అబద్ధం కాదు, స్పీడ్ నిజంగానే వస్తాంది. మరి పని ఎందుకు జరగట్లేదు? దానికి జవాబు ఇచ్చింది ట్రేసర్ట్, విన్‌ఎంటీఆర్ అనే ఈ టూల్స్, నెట్ పోయే దారిలో యాడ ఆగుతాందో చూపించేవి, అందుకే ఓపిగ్గా రాస్తాండా, నా మాదిరి ఊర్లో ఉండి వర్క్ ఫ్రం హోమ్ చేసేటోళ్ళు మన జిల్లాలో శానామంది ఉన్నారు కదా.

ముందు ట్రేసర్ట్. ఇది విండోస్‌లో ముందే ఉంటుంది, డౌన్‌లోడ్ అక్కర్లేదు. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి ఆ నల్ల విండో తెరిచి, ట్రేసర్ట్ (tracert) అని టైప్ చేసి స్పేస్ ఇచ్చి 8.8.8.8 కొట్టండి, అది గూగుల్ డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి నంబరు చెప్పే సర్వర్) అడ్రస్. మీ ఇంటి నుంచి ఆడికి పోయే దారిలో ఉన్న రౌటర్లు ఒకటి తర్వాత ఒకటి లైన్లుగా వస్తాయి, ఒక్కో లైన్‌లో మూడు టైములు మిల్లీసెకన్లలో ఉంటాయి, ఎందుకంటే ఒక్కో చోటికి మూడేసి సార్లు అడిగి చూస్తాది.

ఇది పనిచేసే తీరు నాకు శానా నచ్చింది. నెట్‌లో పోయే ప్రతి ప్యాకెట్ (డేటా ముక్క) మీద టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది, ఎక్కువలో ఎక్కువ 255. దారిలో ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఆ అంకె ఒకటి తగ్గుతాది, సున్నా అయితే ఆ రౌటర్ ప్యాకెట్‌ని ఆడికే పారేసి, పంపినోళ్ళకి "దీని టైం అయిపోయింది" అని కబురు పెడతాది. ప్యాకెట్లు దారి తప్పి గుండ్రంగా తిరుగుతానే ఉండిపోకూడదని పెట్టిన ఏర్పాటు అది. ట్రేస్‌రూట్ (విండోస్‌లో దాని రకమే ట్రేసర్ట్) ఆ కబురునే వాడుకుంటాది. మన ఆర్టీసీ బస్టాండులో ఒకణ్ణి బెంగళూరు బస్సు ఎక్కించి ఒక్క స్టేజీకే టికెట్ ఇప్పించినావనుకో, రాప్తాడులో దించేస్తారు, వాడు దిగి "రాప్తాడులో ఉండా అన్నా" అని ఫోన్ చేస్తాడు. ఇంకొకణ్ణి రెండు స్టేజీల టికెట్‌తో పంపితే సీకే పల్లి నుంచి చేస్తాడు, మూడోవాడు పెనుకొండ నుంచి, నాలుగోవాడు కొడికొండ చెక్‌పోస్టు నుంచి. ఇట్ల ఒక్కో ఫోనూ ఎంతసేపటికి వచ్చిందో రాసుకుంటా పోతే బస్సు ఏ దారిన పోతాందో, యాడ లేటవుతాందో మనకి ఇంట్లోనే తెలిసిపోతాది. ఈ ఐడియా స్టీవ్ డీరింగ్ చెప్తే, అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో ఉండే వాన్ జాకబ్సన్ 1980ల చివర్లో దీన్ని రాసినాడు. ఇన్నేళ్ళయినా అదే పద్ధతి, అదే పని. అంత కాలం నిలిచిన సాఫ్ట్‌వేర్ అంటే నాకు గౌరవం.

ట్రేసర్ట్ వాడేటప్పుడు ఒక చిన్న సంగతి, మైనస్ డి (-d) అని కలిపి కొట్టండి, లేకపోతే ప్రతి రౌటర్‌కీ పేరు వెతుక్కుంటా కూర్చుంటాది, లేటవుతాది. ఇంకొకటి, జవాబు ఇయ్యని రౌటర్ దగ్గర నక్షత్రం గుర్తులు మూడు వస్తాయి, ఒక్కోదానికీ 4 సెకన్లు కాచుకుంటాది కాబట్టి ఆ లైన్‌కి 12 సెకన్లు పోతాయి, హ్యాంగ్ అయిందనుకొని విండో మూసేయొద్దండి, మొత్తం 30 హాప్‌ల వరకు ప్రయత్నం చేస్తాది. హాప్ అంటే దారిలో ఒక్కో రౌటర్, అంతే.

ట్రేసర్ట్‌లో లోటు ఏందంటే అది ఒక్కసారి చూసి ఆగిపోతాది. నా బాధ రాత్రి పూట వచ్చి పోయేది, నేను ట్రేసర్ట్ పెట్టిన నిమిషంలో బాగుండి ఆపైన నిమిషంలో చెడిపోతే దానికి తెలీదు. అట్లాంటప్పుడు కావాల్సింది ఎంటీఆర్. ట్రేస్‌రూట్‌నీ పింగ్‌నీ (ఒక చోటికి అడిగి జవాబు వస్తాందా చూసేది) కలిపేసి, దారిలో ప్రతి రౌటర్‌కీ సెకనుకొకసారి అడుగుతానే ఉంటాది, ఎన్ని పోయినాయి ఎన్ని వచ్చినాయి లెక్క కడతానే ఉంటాది. 1997లో మ్యాట్ కింబాల్ అనే ఆయన మొదలుపెట్టింది ఇది. లైనక్స్‌లో ఎంటీఆర్ అనే పేరుతోనే దొరుకుతాది, విండోస్‌కి దాని మాదిరే చేసింది విన్‌ఎంటీఆర్. రెండూ ఫ్రీ, రూపాయి ఖర్చు లేదు.

విన్‌ఎంటీఆర్ జిప్ ఫైల్‌లో వస్తాది, ఇన్‌స్టాల్ చేసే పనే లేదు, విప్పి డబుల్ క్లిక్ కొడితే ఒక చిన్న విండో వస్తాది, పైన హోస్ట్ అనే బాక్సులో అడ్రస్ కొట్టి స్టార్ట్ నొక్కడమే. కింద లైన్లు పడతాయి, ఒక్కో లైన్‌లో రౌటర్ పేరు, దాని నంబరు, లాస్ (జవాబు రానివి) ఎంత శాతం, ఎన్ని పంపింది, ఎన్ని తిరిగొచ్చినాయి, టైముల్లో బెస్ట్, యావరేజ్, వర్స్ట్, లాస్ట్. మొహం చూస్తే పాతకాలం సాఫ్ట్‌వేర్ మాదిరి బూడిద రంగులో ఉంటాది, ఆ మొహం చూసి వదిలేసుకోవద్దండి. టెక్స్ట్ కాపీ చేసుకొనే బటన్ ఉంది చూడండి, నన్ను బయటపడేసింది అదే, ఎవరికైనా వాట్సాప్‌లో పంపాలంటే ఆ ఒక్క నొక్కుడు చాలు. అసలు వెర్షన్ పాతబడింది, ఐపీవీ6 (కొత్త రకం నెట్ అడ్రస్‌లు) కావాలంటే రీడక్స్ అనే కొత్త రకం ఉంది, అది తీసుకోండి.

ఇప్పుడు నా కథ. మొదటిరోజు రాత్రి పెట్టి చూస్తే ఫస్ట్ లైన్‌లోనే, అంటే 192.168.1.1 అని ఉండే మన ఇంటి రౌటర్ కాడనే 3 శాతం లాస్, వర్స్ట్ 140 మిల్లీసెకన్లు. నా టేబుల్ నుంచి అది పది అడుగులు కూడా లేదు! వైఫై అన్నమాట. మధ్యలో గోడ, గోడకి ఆనుకొని ఇనప బీరువా, చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలన్నీ అదే ఛానల్‌లో. టవర్ క్లాక్ కాడ షాపులో 15 మీటర్ల ల్యాన్ కేబుల్ తెచ్చుకొని గోడ వెంబడి లాగి పెట్టినా, ఫస్ట్ హాప్ ఒక మిల్లీసెకన్ లోపలికి వచ్చేసింది, లాస్ సున్నా. సగం రోగం ఆడికే తగ్గింది. రెండు నెలలుగా నెట్ వాళ్ళని తిట్టుకున్నాను కానీ ఇంట్లో ఉన్న సమస్య నేను చూసుకోలేదు, ఇది ఒప్పుకోవాల్సిందే. మీరు కూడా దయచేసి ముందు కేబుల్ పెట్టి ఆపైన టెస్ట్ చేయండి, వైఫై మీద చేసిన ట్రేస్ ఎవరికి చూపించినా నమ్మరు.

కేబుల్ పెట్టినాక కూడా రాత్రి తొమ్మిది గంటలకి రిమోట్ డెస్క్‌టాప్ నత్తనడకే. మల్ల విన్‌ఎంటీఆర్ పెడితే మూడో హాప్ కాడ 70 శాతం లాస్ అని కొట్టొచ్చినట్టు కనపడె. నాకు కోపం ఆగలేదు, వెంటనే నెట్ ఓనర్‌కి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడినా, "70 శాతం పోతాంటే డబ్బులు ఎట్ల తీసుకుంటారు" అని. ఆయన పాపం ఏమీ అనలేదు, పొద్దున పిల్లోణ్ణి పంపిస్తా అన్నాడు. ఆ రాత్రే మా ఆఫీసులో నెట్‌వర్క్ చూసే సీనియర్ సార్‌కి ఆ టెక్స్ట్ పంపితే ఆయన చూసి, "నాలుగో హాప్ నుంచి చివరి దాకా లాస్ ఎంతుందో చూడు" అన్నాడు. చూస్తే చివరి లైన్‌లో కూడా 6, 7 శాతమే. "మూడో హాప్ కాడ నిజంగా 70 పోతాంటే దాన్ని దాటి పోయే ప్యాకెట్లు 93 ఎట్ల తిరిగొస్తాయప్పా?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను శానాసేపు కూర్చోబెట్టింది. రౌటర్ అసలు పని ప్యాకెట్లని ముందుకి తోయడం, అది హార్డ్‌వేర్‌లో గబగబా జరిగిపోతాది. "టైం అయిపోయింది" అని జవాబు రాసిచ్చేది మాత్రం దాని సీపీయూ, ఆ జవాబులకి చాలా రౌటర్లలో లిమిట్ పెట్టి ఉంటారు, ఎక్కువ అడిగితే కొన్నిటికి జవాబు ఇయ్యదు. జవాబు రాలేదు అంటే ప్యాకెట్ ముందుకి పోలేదు అని కాదు. కాబట్టి మధ్యలో ఒక్క హాప్ కాడ లాస్ కనపడి ఆ తర్వాత సున్నా అయిపోతే దాన్ని పట్టించుకోవద్దు, ఒక హాప్ కాడ మొదలై చివరి లైన్ దాకా అట్లనే కొనసాగితేనే అది నిజమైన లాస్. టైము కూడా అంతే, మధ్యలో ఒకటి 200 చూపించి కింద లైన్లన్నీ 20 ఉంటే ఏ భయమూ లేదు. విన్‌ఎంటీఆర్ విండోలో ఈ సంగతి యాడా రాసి ఉండదు, పైపెచ్చు ప్రతి లైన్‌లోనూ లాస్ శాతం చూపించి భయపెడతాది, ఈ టూల్‌కి నేను మార్కులు తగ్గించేది ఇక్కడే. తెలియనోళ్ళు నా మాదిరే తప్పు మనిషి మీద అరుస్తారు. పొద్దున ఓనర్ అన్నకి నేనే ఫోన్ చేసి, నిన్న నేను చెప్పిన లెక్క తప్పు, కానీ సమస్య మాత్రం ఉంది, కొన్ని రోజులు చూసి చెప్తా అని చెప్పుకున్నా.

వచ్చిన పిల్లోడు మాత్రం పద్ధతిగా చెక్ చేసినాడు. ఓఎన్‌యూ (ఫైబర్ వచ్చి తగిలే డబ్బా) వెనక నుంచి ఫైబర్ పీకి, కొసన ఉన్న పచ్చ కనెక్టర్‌ని గుడ్డతో తుడిచి, జేబులో నుంచి లైట్ బలం కొలిచే పవర్ మీటర్ తీసి పెట్టి చూపించినాడు, మైనస్ 21. "27 దాటితేనే ప్రాబ్లం అన్నా, మీకు లైట్ బానే ఉండాది" అన్నాడు. నా ల్యాప్‌టాప్‌లో విండో చూసి కూర్చుండిపోయినాడు, ఇది ఏంది అన్నా, మాకు ఫోన్‌లో పింగ్ ఒకటే నేర్పించినారు అన్నాడు. పావుగంట చెప్పినా.

ఆ తర్వాత 12 రోజులు పద్ధతిగా రాసుకున్నా. పొద్దున 8కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 9:30కి, ఒక్కోసారి 300 ప్యాకెట్లు పోయేదాకా, అంటే 5 నిమిషాలు. ప్రతిసారీ రెండు చోట్లకి, ఒకటి ఆఫీసు సర్వర్‌కి, ఇంకోటి 8.8.8.8కి. ఈ రెండో అడ్రస్ తప్పకుండా పెట్టుకోండి, రెండింట్లోనూ ఒకే హాప్ కాడ చెడితే ఇటు మనవైపు సమస్య, ఒక్కదాంట్లోనే చెడితే అటువైపు దారిలో సమస్య.

నాకు ఏం తేలిందంటే, 8.8.8.8కి రాత్రి కూడా బాగానే పోతాంది. ఆఫీసు దారిలో మాత్రం ఐదో హాప్ దాకా 10 లోపల, ఆరో హాప్ నుంచి రాత్రి పూట 180 మిల్లీసెకన్లు, 6 నుంచి 8 శాతం లాస్, అది చివరి దాకా. పగలు అదే ఆరో హాప్ కాడ 38, లాస్ సున్నా. అంటే ఆ రెండు హాప్‌ల మధ్య లింకు రాత్రి పూట నిండిపోతాంది, నిండినప్పుడు ప్యాకెట్లు క్యూలో కాచుకుంటాయి కాబట్టి టైము పెరిగింది, క్యూ కూడా నిండితే పారేస్తాది కాబట్టి లాస్ వచ్చింది. స్పీడ్ టెస్ట్‌కి ఇది ఎందుకు దొరకలేదంటే టెస్ట్ సర్వర్ దగ్గర్లోనిది ఎంచుకుంటాది, ఆ దారి ఈ లింకుని ముట్టుకోదు.

ఇంకో వింత కూడా దొరికింది. పగలైనా 38 ఎందుకు? ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతాది, లెక్కేస్తే పోయిరావడానికి 100 కిలోమీటర్ల దూరానికి ఒక మిల్లీసెకన్. మనకీ బెంగళూరుకీ 215 కిలోమీటర్లు, రెండు మిల్లీసెకన్లు చాలు, రౌటర్లు, వంకర దారులు అన్నీ కలుపుకున్నా 10 దాటకూడదు. ఆరో హాప్ పేరు చూస్తే అందులో బీఓఎం అని ఉంది. రౌటర్ల పేర్లలో శానామంది ఎయిర్‌పోర్ట్ కోడ్ పెడతారు, బీఓఎం అంటే ముంబై, హెచ్‌వైడీ హైదరాబాద్, ఎంఏఏ చెన్నై, బీఎల్‌ఆర్ బెంగళూరు. నా ప్యాకెట్ హైదరాబాద్ పోయి, ఆడ నుంచి ముంబై పోయి, ముంబై నుంచి బెంగళూరు వచ్చి ఆఫీసుకి చేరుతాంది! పెనుకొండ మీదుగా నాలుగు గంటల్లో పోయే ఊరికి రెండు వేల కిలోమీటర్లు తిరిగి పోతాంది. పేర్లు ఒక్కోసారి పాతవి ఉండిపోతాయి కాబట్టి పేరు ఒకటే నమ్మొద్దు, టైముతో సరిపోతాందా చూసుకోండి, నా దాంట్లో రెండూ సరిపోయినాయి.

ఈ 12 రోజుల లెక్కంతా ఒక పేజీ చేసి ఓనర్ అన్నకి పంపినా. ఆయన స్పందించిన తీరుకి నిజంగా థ్యాంక్స్ చెప్పాలి, "ఇట్ల టైముతో సహా ఎవరూ ఇయ్యలేదన్నా, నేను పైవాళ్ళకి టికెట్ రేజ్ చేస్తే 'మీ కస్టమర్ వైఫై చూసుకోండి' అని మూసేస్తారు, ఇప్పుడు మూయలేరు" అన్నాడు. ఆయన కూడా పైనున్న పెద్ద కంపెనీ దగ్గర బ్యాండ్‌విడ్త్ కొనుక్కొని ఇచ్చే చిన్న ఆపరేటరే కదా. తొమ్మిది రోజులకి మార్పు వచ్చింది, దారి చెన్నై మీదకి తిప్పినారు, ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి కూడా 16 మిల్లీసెకన్లు, లాస్ సున్నా.

మిగతా టూల్స్ గురించి కూడా కొంచెం. విండోస్‌లోనే పాత్‌పింగ్ అని ఇంకోటి ఉంది, ఒక్కో హాప్‌కి 100 సార్లు అడిగి లాస్ లెక్క ఇస్తాది, హాప్‌కి 25 సెకన్లు పడతాయి, పది హాప్‌లు ఉంటే నాలుగు నిమిషాలు పైనే ఏమీ చూపించకుండా కూర్చుంటాది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బయటి సాఫ్ట్‌వేర్ పెట్టనీయనోళ్ళకి ఇదే దిక్కు, మిగతావాళ్ళకి అక్కర్లేదు. పింగ్‌ప్లాటర్ పూర్తి వెర్షన్ డబ్బులు పెట్టి కొనేది, గ్రాఫ్ గీసి చూపిస్తాది, ఏ టైములో చెడిందో కంటితో కనపడతాది, ట్రయల్ వాడినా, బాగుంది, కానీ ఇంటి వాడకానికి కొనాల్సినంత అవసరం నాకు కనపడలేదు. అదే పదిమందికి కనెక్షన్లు ఇచ్చే ఆపరేటర్ అయితే కొనమంటా.

లైనక్స్ వాడేటోళ్ళకి అసలు ఎంటీఆరే అన్నింటికన్నా బెస్ట్. మైనస్ ఆర్‌డబ్ల్యూసీ 100 అని ఇస్తే 100 రౌండ్లు వేసి రిపోర్ట్ చేతికిస్తాది. ఇంకో పెద్ద లాభం, టీసీపీ (వెబ్‌సైట్లు మామూలుగా వాడే పద్ధతి) మీద 443 పోర్ట్‌కి ట్రేస్ చేయొచ్చు. ఎందుకు కావాలంటే, కొన్ని సర్వర్లు పింగ్ లాంటివాటిని ఫైర్‌వాల్‌లోనే ఆపేస్తాయి, చివర్లో అన్నీ నక్షత్రాలే వస్తాయి, వెబ్‌సైట్ మాత్రం బ్రౌజర్‌లో చక్కగా తెరుచుకుంటాది. టీసీపీతో అడిగితే నిజమైన ట్రాఫిక్ మాదిరే పోతాది కాబట్టి జవాబు వస్తాది. విన్‌ఎంటీఆర్‌లో ఈ సదుపాయం లేదు, అది ఇంకో లోటు.

ఈ టూల్స్ అన్నింటికీ ఉన్న పెద్ద లోటు ఇంకొకటి, ఇవి పోయే దారి మాత్రమే చూపిస్తాయి. తిరిగొచ్చే దారి వేరే ఉండొచ్చు, నెట్‌లో అది మామూలే, చెడు తిరుగు దారిలో ఉన్నా ఈడ మాత్రం పోయే దారిలో ఉన్నట్టే కనపడతాది. కుదిరితే అవతలోళ్ళని కూడా మనవైపు ఎంటీఆర్ పెట్టమని అడగాలి. నాకు అది కూడా పూర్తిగా కుదరలేదు, ఎందుకంటే నా రెండో హాప్ అడ్రస్ 100.64తో మొదలవుతాది, అంటే మా ఆపరేటర్ ఒకే పబ్లిక్ ఐపీని (బయటి నెట్‌కి కనపడే అడ్రస్) శానామందికి పంచుతాండాడు, 2012లో ఆ అడ్రస్‌లని దానికోసమే పక్కన పెట్టినారు. అటునుంచి ట్రేస్ చేస్తే ఆపరేటర్ కాడికి వచ్చి ఆగిపోతాది, నా ఇంటి దాకా రాదు. అయినా సరే ఆఫీసు సార్ పెట్టి పంపినాడు, తిరుగు దారి కూడా ముంబై మీదనే అని ఆడ తేలింది.

ఐదుకి మార్కులు ఇయ్యాలంటే ట్రేసర్ట్‌కి 3, విన్‌ఎంటీఆర్‌కి 4, లైనక్స్ ఎంటీఆర్‌కి 5. విన్‌ఎంటీఆర్‌కి లాస్ ఎట్ల చదవాలో చెప్పనందుకూ, టీసీపీ లేనందుకూ కలిపి ఒకటి తగ్గించినా.

పోయిన వారం పక్క వీధిలో కనెక్షన్ ఇయ్యడానికి వచ్చినప్పుడు ఆ పవర్ మీటర్ పిల్లోడు మా ఇంటికి కూడా వచ్చినాడు, పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నాడు, విన్‌ఎంటీఆర్ జిప్ ఎక్కించుకొని పోయినాడు. రామ్‌నగర్‌లో ఒక కస్టమర్‌కి గేమ్ ఆడేటప్పుడు ఆగిపోతాందంట, "ఫస్ట్ హాప్ నుంచి చూస్తా అన్నా, ముందు కేబుల్ పెట్టి" అన్నాడు.